ఫించ్ పక్షుల సంసారము

జీబ్రా ఫించ్ అను పక్షి బరువు సుమారు 12 గ్రాములు. పాత తూకములో తులమునకు రవ్వంత ఎక్కువ. ఈ జాతి ఆడపక్షి దినమునకు ఒక్కటి చొప్పున నాలుగైదు దినములు వరుసగా గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క గ్రుడ్డు ఇంచుమించు ఒక గ్రాము తూగును. అనగా అయిదు గ్రుడ్లు పెట్టునప్పుడు తన శరీరపు బరువులో అయిదింట రెండు వంతులకు సమానమైన పదార్థమును ఆ అయిదు దినములలో తన ఎముకలనుండియు, కండలనుండియు, తిన్న గింజలనుండియు కూడగట్టి ఇచ్చుచున్నదన్నమాట. ఇంటిలో ఫించ్ పక్షులచే గూడు కట్టించి పిల్లలను చూడవలెనని ముచ్చటపడు వారు మొదట ఈ లెక్కను మనస్సున నిలుపుకొనవలెను. గూటి సంగతి, మేత సంగతి, ఎండ వానల సంగతి అన్నియు దీని వెనుకనే వచ్చును.

ఫించులన్న పేరుతో మన పట్టణములలో అమ్మకమునకు వచ్చు పక్షులలో ముఖ్యమైనవి మూడు. మొదటిది జీబ్రా ఫించ్. బూడిద వన్నె ఒడలు, ఎర్రని ముక్కు. మగదానికి చెంపలమీద నారింజరంగు బిళ్లలు, రొమ్మున సన్నని నల్లచారలు, ప్రక్కల గోధుమవన్నె మీద తెల్లని చుక్కలు ఉండును. ఆడదానికి ఈ సింగారము లేదు. రెండవది బెంగాలీ ఫించ్. తెలుపు, గోధుమరంగు మచ్చలు కలిసిన సాధుజీవి. మూడవది గూల్డియన్ ఫించ్. ఊదారంగు రొమ్ము, పసుపుపచ్చని పొట్ట, ఆకుపచ్చని వీపు గల ఈ పక్షి చిత్రకారుడు రంగుల పళ్లెమును ఒలికించినట్లు కనబడును. ఐరోపా ఖండమున ఫించులనబడు పక్షులతో వీనికి దగ్గర చుట్టరికము లేదు. వీని దాయాదులు మన పొలము గట్లమీద గుంపులుగా వ్రాలి గడ్డిగింజలు ఏరుకొని తిను జీనువాయి పిట్టలు, హిందీలో మునియాలు.

దాయాదులే గదా, వానినే పట్టి పెంచరాదా యని ఎవరైనను అడుగవచ్చును. పెంచరాదు. ఒకప్పుడు ఎర్ర మునియాలను వలలుపన్ని పట్టి విదేశములకు వేలకొలది ఎగుమతి చేసిరి. అహమ్మదాబాదునుండి తరలిపోవుటచేతనే ఆ పిట్టకు ఆంగ్లమున ఆ ఊరి పేరే కొంత చెదిరి 'అవడవాట్' అని నిలిచిపోయినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, తరువాత వచ్చిన ఉత్తరువులును ఈ వ్యాపారమునకు అడ్డుకట్ట వేసినవి. స్వదేశపు అడవిపక్షిని పట్టుట, అమ్ముట, పంజరమున ఉంచుట నేడు నేరము. సంతలో మునియాలకు రంగులు పూసి విదేశీ పక్షులని నమ్మించువారును కలరు, అట్టివానిని కొనరాదు. జీబ్రా, బెంగాలీ, గూల్డియన్ ఫించులు అనేక తరములుగా పంజరములలోనే పుట్టి పెరుగుచున్నవి. వీనిలో క్రొత్తవారికి తగినది జీబ్రా ఫించ్ గనుక ముఖ్యముగా దానిని గూర్చియే చెప్పెదను.

దీని జన్మభూమి ఆస్ట్రేలియా. ఆ ఖండపు నడిమి భాగము మిక్కిలి పొడినేల. అక్కడ వాన ఎప్పుడు వచ్చునో తెలియదు. వచ్చినప్పుడు నేల పచ్చబడి, గడ్డి వెన్ను వేసి, పాలు పట్టిన గింజలు విరివిగా దొరకును. జీబ్రా ఫించ్ ఆ గింజలతోనే పిల్లలను పెంచును. అనేక పక్షులవలె పురుగులకై వెదకదు. అందుచేత ఈ పక్షికి మన మామిడిచెట్టువలె నియతమైన ఋతువు లేదు. తేమయు, లేత గింజయు, ప్రశాంతియు కనబడెనా, గూటికి సిద్ధమగును. పంజరములో ఈ మూడును సంవత్సరము పొడవునను లభించుచున్నవి గనుక సంవత్సరము పొడవునను గ్రుడ్లు పెట్టుచునే యుండును. క్రొత్తవారు దీనిని అదృష్టమని తలంతురు. ఆడపక్షికి మాత్రము అది ప్రాణాంతకము. ప్రకృతి అక్కడ వేయు అడ్డును ఇక్కడ యజమాని వేయవలెను. గూడు పెట్టుట ఎట్లో నేర్చినవాడు గూడు తీసివేయుట ఎప్పుడో కూడ నేర్వవలెను.

తెలుగుదేశమున గూళ్లు అమర్చుటకు అనువైన కాలము కార్తీకము మొదలు ఫాల్గుణము వరకు. దీపావళి బాణసంచా చప్పుడు చల్లారిన తరువాతనే గూళ్లు వ్రేలాడదీయుట మంచిది. పొదుగుచున్న పక్షి రాత్రివేళ ఆ మ్రోతకు బెదరి గూడు విడిచి చీకటిలో ఎగిరి మరల దారి కానక, తెల్లవారునప్పటికి గ్రుడ్లు చల్లబడిపోవుట సామాన్యముగా జరుగు విషయము. ఇక ఫాల్గుణము దాటినచో ఎండ ముదురును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత పక్షులకును వర్తించును. 40 డిగ్రీలు మించిన గాలిలో పెద్దపక్షులే నోరు తెరచి వగర్చుచుండగా రెక్కలు రాని పిల్లలు గూటిలో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

పైన చెప్పిన అయిదు నెలలలో ఎన్ని కాన్పులు పట్టునో లెక్క వేయుదము. గూడు కట్టుటకు వారము, గ్రుడ్లు పెట్టుటకు అయిదారు దినములు, పొదుగుటకు పదుమూడు, పిల్లలు గూటిలో ఉండుటకు ఇరువది, బయటికి వచ్చిన తరువాత తలిదండ్రుల చేతిమేత తినుటకు పదునైదు. మొత్తము రెండు నెలలు. కాబట్టి తొందర లేక రెండు కాన్పులు చక్కగా జరుగును. మూడవదానికి ఆశపడవచ్చునుగాని పడకుండుటయే మేలు.

పక్షిశాల విషయమున చోటు కంటె ముఖ్యమైనది వేరొకటి లేదు. ఒక్క జతకైనను మూడడుగుల పొడవు గల పంజరము కావలెను. ఫించులు పైకి క్రిందికి గాక అడ్డముగా ఎగురును గనుక ఎత్తు కంటె పొడవు అవసరము. గోపురము వంటి గుండ్రని పంజరములు మన కంటికి ఇంపుగా ఉండవచ్చును. పక్షికి అవి చెరసాలలే. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నిలువెత్తు గల పక్షిశాలలో నాలుగు జతలకు మించి ఉంచరాదని నా అభిప్రాయము. వల కన్నులు పావు అంగుళమునకు మించరాదు. అరంగుళపు కన్నులలోనుండి ఫించ్ బయటికి పోలేదుగాని చిట్టెలుక లోనికి రాగలదు, పాముపిల్లయు రాగలదు. క్రొత్త ఇనుపవలమీది జింకు పూత పక్షులకు విషము. వలను పులుపునీటితో, అనగా వినిగరుతో, రుద్ది కడిగి కొన్నాళ్లు ఎండకు వానకు విడిచిన తరువాతనే వాడవలెను.

పడమటి ఎండ సోకని తావు చూచి, మూడు వైపుల తడికో గోడయో కట్టి, ఒక్క వైపు తెరచి యుంచుట మేలు. మేడమీది రేకుల కప్పు పనికిరాదు. తప్పనిసరియైనచో దానిపై తాటాకులు పరువవలెను. స్తంభముల క్రింద నీటిపళ్లెములు పెట్టుట మరువరాదు. పూర్వము మన ఇండ్లలో వంటయింటి బీరువా కాళ్ల క్రింద ఉంచినట్లే. పిల్లికంటెను, గ్రద్దకంటెను ఎక్కువ గూళ్లను పాడుచేయునది ఎర్రచీమ. అప్పుడే పుట్టిన పిల్ల కదలలేదు, అరవలేదు. ఒక్క రాత్రిలో చీమలబారు గూడంతయు ఖాళీ చేయగలదు.

రేడియో ఉన్న ఇంటివారికి ఒక మాట. ఇది మా వృత్తికి విరుద్ధమైన సలహాయే. రేడియోపెట్టెను పక్షిశాల ప్రక్కనే పెట్టి గట్టిగా మ్రోగింపరాదు. నిత్యము ఒకే తీరున వినబడు మాటలకు, వంటయింటి చప్పుళ్లకు పక్షులు అలవాటు పడును. హఠాత్తుగా పుట్టిన పెద్ద ధ్వనికి మాత్రము అలవాటు పడవు. వార్తలు మెల్లగా వినిన యెడల వానికి అభ్యంతరము లేదు.

ఇక జతపరచుట. సాధారణముగా కొనువారు ఒక మగ, ఒక ఆడ పక్షిని అంగడివాడు పట్టి ఇచ్చినట్లు తెచ్చి ఒక పంజరమున విడుతురు. జీబ్రా ఫించులు ఒకసారి జతపడినచో చాలవరకు జీవితాంతము కలిసి యుండునవి. అట్టివానికి ఎన్నిక మన చేతిలో కంటె వాని చేతిలో ఉండుటయే న్యాయము. ఇది కేవలము భావుకత గాదు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పక్షిశాస్త్రజ్ఞులు 2015 లో ఒక పరిశోధన ప్రకటించిరి. కొన్ని జీబ్రా ఫించులను తమ ఇష్టము చొప్పున జతపడనిచ్చి, అట్లు జతపడిన మరికొన్నిటిని విడదీసి వేరువారి జంటలతో కలిపిరి. ఇష్టపడి కలిసిన జంటలు బ్రతికించుకొన్న పిల్లల సంఖ్య రెండవ రకము జంటల కంటె నూటికి 37 చొప్పున ఎక్కువగా ఉన్నది. బలవంతపు జంటలలో ఫలించని గ్రుడ్లును ఎక్కువే, గూటిలో చనిపోయిన పిల్లలును ఎక్కువే. మగపక్షి గూటిపట్ల శ్రద్ధ చూపకపోవుట అందుకొక కారణమని వారు గమనించిరి.

కాబట్టి నాలుగు మగవానిని, నాలుగు ఆడవానిని ఒకచోట విడిచి, పది పదునైదు దినములు చూడవలెను. ఏ రెండు ఒకే కొమ్మపై ఒరసికొని కూర్చుండి ఒకదాని మెడ ఈకలు ఒకటి దువ్వుచున్నవో ఆ రెండును జత. లెక్క సరిపోవుట మాత్రము అత్యవసరము. ఒక్క మగపక్షి ఎక్కువైనను అది ప్రతి గూటిలోను తల దూర్చి అందరి సంసారములను పాడుచేయును. అన్నదమ్ములను అక్కచెల్లెండ్రతో జతపడనీయరాదు. కాళ్లకు రంగుల కడియములు తొడిగిన గుర్తు తెలియును. వయస్సు తొమ్మిది నెలలైనను నిండని ఆడపక్షికి గూడు చూపరాదు. అది మూడవ నెలలోనే గ్రుడ్డు పెట్టగలదు, నిజమే. పెట్టగలిగినదంతయు పెట్టనిచ్చుట పెంపకము కాదు.

గూటికి అయిదంగుళముల చదరపు చెక్కపెట్టె చాలును. ముందువైపు పై సగము తెరచి ఉండవలెను. మన కుమ్మరివారి చిన్న ముంత ఇంకను మంచిది. మట్టి చల్లగా ఉండును, కడిగి ఎండబెట్టుటకును సులభము. మూతిని ప్రక్కకు త్రిప్పి తీగతో వ్రేలాడగట్టవలెను. జతకు రెండు గూళ్లు చొప్పున, అన్నిటిని ఒకే ఎత్తున కట్టుట ముఖ్యము. ఎత్తైన గూటికై ఈ పక్షులు మన ఊళ్లలో గట్టు తగవులవలె తగవులాడును. గూళ్లమధ్య చేరెడు కొమ్మలో, కొబ్బరి మట్టయో అడ్డముగా ఉన్నచో ఒకదానికొకటి కనబడక శాంతించును.

గూటి సామగ్రికి కొబ్బరిపీచు, ఎండుగరిక, దర్భ చక్కనివి. వ్రేలెడు పొడవున కత్తిరించి నేలమీద ఒక మూల ఉంచినచో మగపక్షి ఒక్కొక్క పుల్లనే తెచ్చును, ఆడది లోపల కూర్చుండి సర్దును. లోపలి పరుపునకు కొన్ని తెల్లని కోడి ఈకలు శుభ్రపరచి వేయవచ్చును. నూలుపోగులు, దారపుముక్కలు, తల వెండ్రుకలు ఎన్నడును వేయరాదు. అవి పిల్లల కాళ్లకు చుట్టుకొని బిగిసి, కాలు ఎండి రాలిపోవును.

ఈ పక్షికి ఒక వింత గుణము కలదు. గూడు కట్టుట ఎక్కడ ఆపవలెనో దానికి తెలియదు. సామగ్రి ఎదుట ఉన్నంతకాలము తెచ్చుచునే యుండును. గ్రుడ్లు పెట్టిన పిదప కూడ వానిమీద పీచు పరచి, ఆ పీచుపై మరల గ్రుడ్లు పెట్టును. అడుగున ఒక వరుస, నడుమ పరుపు, పైన ఇంకొక వరుస! క్రింది గ్రుడ్లకు పక్షి వెచ్చదనము అందక మురిగిపోవును. మొదటి గ్రుడ్డు కనబడిన దినముననే మిగిలిన పీచునంతయు తీసివేయుట దీనికి మందు. ఎన్నో గూళ్లు ఫలింపకపోవుటకు కారణము ఈ చిన్న విషయము తెలియకపోవుటయే.

మేత గూర్చి మనవారికి పెద్ద కొరత లేదు. కొర్రలు, సామలు, వరిగలు ఈ పక్షులకు ప్రధానాహారము. పచారి కొట్టులో దొరకు కొర్రబియ్యము కాదు, పొట్టుతోనున్న కొర్రలు కావలెను. కాని ఎండుగింజలతో పెద్దపక్షి బ్రతుకునేగాని పిల్లలు పెరుగవు. గూళ్లు కట్టుటకు పది దినములు ముందునుండియే నానిన గింజలు ఆరంభింపవలెను. రాత్రి నానబెట్టి, ఉదయము కడిగి, తడిగుడ్డలో మూటగట్టి, మరునాడు మొలక తెల్లగా కనబడగనే మరల కడిగి పెట్టుట. ఈ మొలకగింజయే పక్షికి ఆస్ట్రేలియా వానను జ్ఞప్తికి తెచ్చు సంకేతము. దానితోపాటు స్నానమునకు వెడల్పాటి పళ్లెములో అంగుళము లోతున నీరు ఉంచవలెను. తడిసిన ఈకలతో గూటికి పోయిన పక్షి గ్రుడ్లకు కావలసిన తేమను కూడ తీసికొనిపోవును.

వారమునకు మూడు దినములు, పిల్లలు పుట్టిన తరువాత దినమును, ఉడికించిన కోడిగ్రుడ్డును మెత్తగా చిదిపి చెంచాడు పెట్టవలెను. మన వాతావరణమున అది రెండు గంటలలో చెడును. మిగిలినదానిని తీసి పారవేయుటకు బద్ధకింపరాదు. మొలకగింజకును ఈ నియమమే. బూజు పట్టిన ఒక్క గింజ గూటెడు పిల్లలను తీసికొనిపోగలదు.

గ్రుడ్డు పెంకుకు సున్నము కావలెను. మూలికల అంగడిలో సముద్రపు నురుగు అను పేరుతో అమ్మునది ఒక జలచరపు వీపెముక. తెల్లగా, తేలికగా ఉండును. ఒక ముక్కను వలకు కట్టినచో పక్షులు దానిని గీకి తినును. అది లేనిచో కోడిగ్రుడ్డు పెంకులను పది నిమిషములు మరగించి, ఎండబెట్టి, నలిపి వేయవచ్చును. ఉదయపుటెండ కొంచెమైనను పక్షిశాలలో పడవలెను. ఎండ లేనిదే తిన్న సున్నము ఎముకకు పట్టదు.

ఈ జాగ్రత్తలు తప్పినచోటనే మొదట చెప్పిన లెక్క తన ప్రభావము చూపును. శరీరములో సున్నము తరిగిన ఆడపక్షికి గ్రుడ్డును బయటకు నెట్టు కండరములు పనిచేయవు. గ్రుడ్డు లోపలనే చిక్కుకొనును. లక్షణములు తెలిసికొనుట కష్టము కాదు. నిన్నటివరకు చురుకుగా ఉన్న ఆడపక్షి నేడు నేలమీద ఒక మూల ఈకలు ఉబ్బించుకొని కన్నులు మూసికొని కూర్చుండును. ఊపిరితోపాటు తోక పైకి క్రిందికి ఆడును. పొట్ట వాచి యుండును. అది నిద్ర కాదు, ప్రాణాపాయము; గంటలలో చనిపోగలదు. పొట్టను నొక్కి గ్రుడ్డును తీయబోవువారు లోపలనే దానిని పగులగొట్టి పక్షిని చంపుదురు. ఆ పని తగదు. చిన్నపెట్టెలో ఉంచి, 30 డిగ్రీలకు కొంచెము మించిన వెచ్చదనము కల్పించి, ప్రక్కన వేడినీటి గిన్నెతో గాలికి తేమ నిచ్చి, వెంటనే పశువైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. వెచ్చదనమునకు పూర్వపు తీగెబల్బు కావలెను, ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములు వెలుగునిచ్చునేగాని చాలినంత వేడిమి నీయవు. వెచ్చదనము అందిన పక్షులలో కొన్ని దారిలోనే గ్రుడ్డు పెట్టి కోలుకొనును. అట్లు కోలుకొన్న పక్షికి ఆ సంవత్సరము మరల గూడు చూపరాదు.

సుఖముగా గ్రుడ్లు పెట్టిన జత మూడవదో నాలుగవదో పెట్టిన తరువాత గట్టిగా పొదుగనారంభించును. పగలు ఆలుమగలు వంతులవారిగా కూర్చుందురు. రాత్రి తరచు రెండును గూటిలోనే ఉండును. ఆరవ దినమున, పక్షి తనంతట తాను మేతకు దిగినప్పుడు, చిన్న టార్చి వెలుగును గ్రుడ్డు వెనుక ఉంచినచో లోపల ఎర్రని నరములు సాలెగూడువలె కనబడును. నరములు లేనిది వట్టి గ్రుడ్డు. ఇంతకు మించిన పరీక్షలు అనవసరము. ప్రతి గంటకు గూటిలోనికి తొంగిచూచుట, చుట్టములకు చూపుట, ఫోటోలు తీయుట, ఇవియే చీమల తరువాత గూళ్లకు పెద్ద శత్రువులు. ఈ రెండు వారములలో నీరు, మేత మార్చుట తప్ప యజమాని చేయదగిన ఉత్తమమైన పని దూరముగా ఉండుట.

పొదుగు కాలమును గూర్చి ఒక విచిత్రమైన సంగతి 2016 లో తెలిసినది. ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన మైలీన్ మారియెట్, కాథరీన్ బుకానన్ అను శాస్త్రజ్ఞులు జీబ్రా ఫించుల గూళ్లలోని ధ్వనులను గ్రహించి పరిశీలించిరి. గాలి వేడిమి 26 డిగ్రీలు దాటినప్పుడు, పొదుగుడు ముగియు చివరి దినములలో, తల్లియో తండ్రియో గ్రుడ్లతో ఒక ప్రత్యేకమైన సన్నని కూత కూయుచున్నది. ఆ కూతను పెంకులోనుండియే విన్న పిల్లలు పుట్టిన పిదప వేడి గూళ్లలో కొంచెము చిన్న శరీరములతో పెరిగినవి. చిన్న శరీరమునకు వేడిమిని తట్టుకొనుట సులువు. బయట ఎండ కాయుచున్నదని ఇంకను పుట్టని బిడ్డకు తలిదండ్రులు ముందుగా వార్త పంపుచున్నారన్నమాట. ధ్వనిని ప్రసారము చేయుటయే వృత్తిగా గల మాబోటివారికి ఇంతకంటె ముచ్చటైన ప్రసారము మరియొకటి తోచదు. అట్లని 42 డిగ్రీల వైశాఖమున గూళ్లు కట్టవచ్చునని దీని అర్థము కాదు.

పదుమూడవ దినమునకు అటునిటు పిల్లలు వెలువడును. గ్రాము బరువైనను లేని ఎర్రని మాంసపు ముద్దలు. వారమునకు కన్నులు తెరచును. పదునెనిమిది మొదలు ఇరువది దినములకు ఈకలతో, నల్లని ముక్కులతో గూటినుండి దుముకును. ఇప్పుడు తండ్రి పని పెరుగును. తల్లి మరల గ్రుడ్లకు సిద్ధమగుచుండగా పిల్లలకు మేత నందించుట ఎక్కువగా తండ్రియే చేయును. ముప్పది అయిదవ దినమునకు పిల్లలు తమంతట గింజ పొట్టు తీసి తినగలవు. ముక్కు నలుపు విడిచి ఎరుపు తిరుగుట అప్పటినుండియే చూడవచ్చును.

అప్పుడొక ధర్మసంకటము వచ్చును. పిల్లలను వెంటనే వేరుచేయనిచో క్రొత్త గూటికై తలిదండ్రులే వాని ఈకలు పెరికివేయుట కలదు. వేరుచేసినచో మగపిల్లలకు పాట రాదు. జీబ్రా ఫించులలో మగది మాత్రమే పాడును. ఆ పాట పుట్టుకతో వచ్చునది కాదు, నేర్చుకొనునది. మూడవ, నాలుగవ వారము మొదలు రెండు నెలలు దాటు వరకు తండ్రి పాటను విని, తానును తప్పటడుగులవంటి స్వరములతో సాధన చేసి, మూడవ నెల ముగియునప్పటికి ఒక పాటను స్థిరపరచుకొనును. ఆపైన జీవితాంతము అదే పాట. ఆ కాలమున ఏ పెద్ద మగపక్షి పాటయు వినని పిల్ల వింతగా అపస్వరములతో పాడును. కనుక పిల్లలను వేరు పంజరమున ఉంచి, ఆ పంజరమును తండ్రికి ఎదురుగా వ్రేలాడగట్టుట యుక్తము. ఈకలు దక్కును, పాటయు దక్కును.

తలిదండ్రులు విడిచిన గ్రుడ్లను బెంగాలీ ఫించుల క్రింద పెట్టి పొదిగించు అలవాటు కలదు. ఈ బెంగాలీ ఫించ్ పేరుకే బెంగాలీ. తెల్లనడుము మునియా సంతతిదై, పదునెనిమిదవ శతాబ్దిలో చైనానుండి జపానుకు పోయి అక్కడ మచ్చికయైన పక్షి. అడవి పక్షియైన తెల్లనడుము మునియా మన దేశపు కొండప్రాంతములలోను కలదు. జపానువారు ఈ మచ్చిక పక్షిని 'పదిమంది అక్కచెల్లెండ్రు' అని అర్థము వచ్చు పేరుతో పిలుతురు. పరుల పిల్లలను కూడ తన పిల్లలవలె పెంచు గుణము దీనికి ప్రసిద్ధము. అయితే ఎక్కువ పక్షులను ఒకచోట ఉంచినచో అన్నియు ఒకే గూటిలో కిక్కిరిసి గ్రుడ్లు త్రొక్కివేయును. కాబట్టి వీనిని జతకొక పంజరముగా ఉంచవలెను.

ఈ సాయమును అవసరము పడినప్పుడే వాడవలెను. క్లాస్ ఇమెల్మన్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు 1960 ల నాటి పరిశోధనలలో చూపినదేమనగా, బెంగాలీ పెంపుడు తల్లిదండ్రుల చేతిలో పెరిగిన మగ జీబ్రా ఫించులు పెద్దవైన తరువాత బెంగాలీ పాటనే పాడినవి. తమ జాతి ఆడపక్షులను కాదని బెంగాలీ ఆడపక్షులనే వలచినవి. పెంపకము జన్మమును మరపించినదన్నమాట. గూల్డియన్ ఫించులను త్వరగా వృద్ధిచేసి అమ్మదలచినవారు తరతరములుగా ఇట్లే పొదిగించుటచే, తమ పిల్లలను తాము పెంచుట సరిగా తెలియని గూల్డియన్లు అంగళ్లలో తరచు కనబడును. ఎంతో వెల పెట్టి కొన్నవారు గూటి క్రింద పారవేయబడిన పిల్లలను చూచి దుఃఖించుట ఇందువలననే. ఆస్ట్రేలియా ప్రభుత్వము 1960 లో తన అడవిపక్షుల వాణిజ్యపు ఎగుమతిని నిషేధించినది గనుక లోకమంతటను పంజరములలో ఉన్న గూల్డియన్లు పాత సంతతులే. ఆ సంతతికి తల్లితనము నిలుపవలసిన బాధ్యత పెంచువారిదే. కొనునప్పుడు ఇవి తలిదండ్రులు పెంచిన పిల్లలా, పెంపుడు తల్లులవా అని అడిగి తెలిసికొనవలెను.

రెండవ కాన్పు పిల్లలు గూడు విడిచిన వెంటనే ముంతలన్నిటిని దింపి, మరుగునీటితో కడిగి, ఎండలో ఆరబెట్టి అటకమీద దాచవలెను. మొలకగింజలు, గ్రుడ్డు ముద్ద తగ్గించి ఎండుగింజలకు మరల్చవలెను. అయినను కొన్ని ఆడపక్షులు మేతగిన్నెలోనే గ్రుడ్లు పెట్టును. అట్టివానికి బొమ్మగ్రుడ్లు, అనగా ప్లాస్టిక్ గ్రుడ్లు, నాలుగు ఇచ్చి కూర్చుండనిచ్చినచో కొన్నాళ్లకు విసిగి లేచిపోవును. పెట్టిన గ్రుడ్డును పెట్టినట్లు తీసివేసిన యెడల లోటు పూరించుటకు మరల మరల పెట్టి నీరసించును. అంతకును వినని పక్షులను ఆషాఢము వెళ్లువరకు మగవానినుండి వేరుచేయుట మంచిది. జత విడిపోవునేమోయను భయము వలదు. ఒకదాని మాట ఒకటి వినునట్లు ప్రక్కప్రక్కన ఉంచినచో చాలును.

నాలుగు జతలు రెండు కాన్పులలో ముప్పది పిల్లలనైనను ఇవ్వగలవు. వానికి ఇండ్లు ఎవరివో గూళ్లు వ్రేలాడదీయక ముందే ఆలోచించుకొనవలెను. చోటు చాలక వానిని తోటలో ఎగురవిడుచుట దయ కాదు. పంజరమున పుట్టిన పక్షికి మేత వెదకుకొనుట తెలియదు, డేగను చూచి దాగుట తెలియదు. ఒకవేళ బ్రతికినను మన జీనువాయిల మేతకు పోటీ వచ్చును, వ్యాధులను అంటించును. తీసికొనువారు లేనిచో ఆ సంవత్సరము ముంతలను అటకమీదనే ఉండనిచ్చి, మగపక్షుల పాట వినుచు ఊరకుండవచ్చును. పాడుటకు వానికి గూడు అక్కరలేదు.